ఉప్పుగాలి తిన్న డిస్కులు: ముందు బ్రేకులు ఇంటి దగ్గరే మార్చుకోవడం

కళింగపట్నం, బారువ, భావనపాడు, ఇటు చింతపల్లి బీచి చుట్టుపక్కల తిరిగే కార్లకు బ్రేకు డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు) అరిగి పోవడం కంటే తుప్పుపట్టి పోవడమే ఎక్కువ. వారం రోజులు బండి కదలకపోతే చాలు, డిస్కు అంచు చుట్టూ ఎర్రటి పెచ్చు కడుతుంది. విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాటు ఎక్కి దిగే బళ్లది ఇంకో రకం బాధ. ప్యాడ్లు (డిస్కును రెండు వైపులా నొక్కి ఆపే రాపిడి బిళ్లలు) తొందరగా అరిగిపోతాయి, డిస్కు మీద వేడికి నీలం మచ్చలు తేలతాయి. రెండింటికీ చివరకు మందు ఒకటే: ముందు చక్రాలకు కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు.

పనిముట్లూ ఓపికా ఉంటే ఇది ఇంటి వాకిట్లో చేసుకోగల పనే. మొదటిసారి చేసేవాళ్లకు రెండు వైపులా కలిపి నాలుగు గంటలు పట్టొచ్చు. అందులో విప్పి బిగించేది గంటన్నర, మిగతాదంతా తోముడే. ఆ తోముడు ఎగ్గొట్టిన బండే నాలుగైదు వేల కిలోమీటర్లు తిరిగేసరికి బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణికిస్తుంది. నాసిరకం డిస్కు అంటగట్టాడని కొట్టువాణ్ణి తిట్టుకుంటారు గానీ, చాలాసార్లు తప్పు డిస్కుది కాదు.

ఇక్కడ చెప్పేదంతా ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న మామూలు చిన్న కార్ల గురించి. కొన్ని పాత మోడళ్లలో డిస్కును హబ్బుకు (చక్రం బిగించే మధ్య భాగానికి) వెనక నుంచి బోల్టులతో బిగిస్తారు. హబ్బు లాగితే తప్ప అది ఊడి రాదు. మీది అలాంటిదైతే డిస్కుల పని ప్రెస్సు ఉన్న షెడ్డుకు ఒగ్గేయండి.

మార్చే వేళ వచ్చిందా లేదా

బ్రేకు తొక్కితే కీచుమని సన్నని అరుపు వస్తే అది ప్యాడ్‌కు ఉండే రేకు ముక్క డిస్కుకు తగులుతోందని అర్థం. ప్యాడ్ అయిపోవస్తోందని చెప్పడానికే కంపెనీ ఆ రేకు పెడుతుంది. అరుపు పోయి గరగరమని ఇనుము ఇనుముతో రాసుకునే చప్పుడు మొదలైతే ప్యాడ్ పూర్తిగా అయిపోయి వెనక పలక డిస్కును గీరుతోంది. ఆ స్థితిలో బండి నడపకూడదు.

చప్పుడు లేకపోయినా చక్రం విప్పి కొలవండి. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం 10 మి.మీ. అటూ ఇటూగా ఉంటుంది. ఇనుప పలకను లెక్కలోకి తీసుకోకుండా 3 మి.మీ.కి వస్తే మార్చేయండి. బయటి ప్యాడ్ కంటికి కనబడుతుంది, లోపలిది కనబడదు. బయటిది చూసి 'ఇంకా ఉందిలే' అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ప్యాడ్లను పట్టి నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరిగేది స్లైడ్ పిన్నుల మీద. అవి తుప్పుతో పట్టేస్తే లోపలిది ముందుగా అరిగిపోతుంది, మన తీరప్రాంతంలో తరచుగా జరిగేది ఇదే.

డిస్కు ఎంతవరకు అరగొచ్చో దాని మీదే పోసి ఉంటుంది. అంచు మీదో, మధ్యలో ఎత్తుగా ఉండే టోపీ మీదో, కనీస మందం ఇంత అని మి.మీ.లలో అచ్చు కనబడుతుంది. తుప్పు కప్పేసి ఉంటే వైర్ బ్రష్షుతో తోమితే బయటపడుతుంది. కొలిచేటప్పుడు ఒక చిక్కుంది. ప్యాడ్ తగలని బయటి అంచు అరగదు కాబట్టి అక్కడ గట్టులా మిగిలిపోతుంది. మందం కొలిచే వెర్నియర్ పెడితే దాని దవడలు ఆ గట్టు మీద కూర్చుని ఎక్కువ మందం చూపిస్తాయి. ఒకే రకం రూపాయి బిళ్లలు రెండు తీసుకుని డిస్కుకు చెరో వైపు, గట్టుకు లోపలగా పెట్టి, మొత్తం కలిపి కొలవండి. బిళ్లల మందం విడిగా కొలిచి తీసేస్తే డిస్కు అసలు మందం వస్తుంది. మూడు నాలుగు చోట్ల కొలిచి, వచ్చినవాటిలో తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోండి.

మందం మిగిలున్నా డిస్కును పక్కన పెట్టేయాల్సిన సందర్భాలున్నాయి. అంచు దాకా పాకిన పగులు, గోరు పెడితే దిగబడే లోతు గాళ్లు, తుప్పు తినేసి ప్యాడ్ తగిలే వెడల్పు సగానికి తగ్గిపోవడం. లేతు మీద గీయించి వాడుకోవచ్చా అని అడుగుతారు. గీశాక కూడా కనీస మందం పైన మిగిలితే తప్పేమీ లేదు. కానీ చిన్న కార్ల డిస్కులకు గీయించే ఖర్చూ, రెండోసారి విప్పే శ్రమా చూస్తే కొత్తవి కొనడమే మేలు.

ఏం కొనాలి

డిస్కులు జతగా, ప్యాడ్లు నాలుగూ ఒక సెట్టుగా. ఒక పక్కే పాడైంది కదా అని ఒక డిస్కు మార్చితే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. కొత్త డిస్కుకు పాత ప్యాడ్లు వేయకండి. వాటి ముఖం పాత డిస్కు గాళ్లకు తగ్గట్టు అరిగి ఉంటుంది, కొత్తదాని మీద పూర్తిగా ఆనదు.

కొట్టుకు వెళ్లేటప్పుడు ఆర్.సి. కాగితం మీదున్న ఛాసిస్ నంబరు పట్టుకెళ్లండి. ఒకే పేరున్న కారుకు ఏడాదిని బట్టి, పెట్రోలా డీజిలా అన్నదాన్ని బట్టి డిస్కు సైజు మారుతుంది. శ్రీకాకుళం, విజయనగరంలో దొరక్కపోతే విశాఖ నుంచి తెప్పిస్తారు. అందుకని సరుకు చేతికొచ్చేదాకా బండి విప్పకండి. విప్పాక పాతదాని పక్కన పెట్టి చూసుకోండి. వ్యాసం, టోపీ ఎత్తు, మధ్య రంధ్రం, స్టడ్ల (చక్రం నట్లు ఎక్కే మర కడ్డీల) రంధ్రాలు, నాలుగూ కలవాలి.

ప్యాడ్ అంచు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు అచ్చై ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక పట్టు. 'ఎఫ్' అంటే రాపిడి గుణకం 0.35 నుంచి 0.45 మధ్య, 'ఇ' అంటే 0.25 నుంచి 0.35. రెండో అక్షరం 'ఇ' ఉన్న ప్యాడ్లు ఘాటు దిగే బండికి వద్దు. కంపెనీ ప్యాడ్ల పేరుతో నకిలీలు వస్తుంటాయి. పెట్టె ముద్రణ మసకగా ఉన్నా, ప్యాడ్ అంచులు గోరుతో గీరితే పొడి రాలినా వెనక్కిచ్చేయండి.

వీటితోపాటు: ప్యాడ్లకు కొత్త స్టీలు క్లిప్పులు (సెట్టులో రాకపోతే అడిగి తీసుకోండి), బ్రేక్ క్లీనర్ డబ్బాలు రెండు, స్లైడ్ పిన్నులకు సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు, బ్రేకు ఆయిలు అర లీటరు, తుప్పు వదిలించే స్ప్రే, వైర్ బ్రష్షు, సన్నపాటి ఆకురాయి, 120 నంబరు గరుకు కాగితం, మాస్కు, చేతి తొడుగులు. నూలు పోగు వదలని గుడ్డపేలికలు కూడా కావాలి. పాత పంచె చింపుకుంటే సరిపోతుంది, పొందూరు ఖద్దరుదైతే మాత్రం వద్దు.

'బ్రేకు ఆయిలు' అన్న పేరే ఒక ప్రమాదం. అది నూనె కాదు. ఇంజను ఆయిలో, పవర్ స్టీరింగు ఆయిలో బానెట్ కింద బ్రేకు ఆయిలు ఉండే డబ్బాలో ఒక్క చెంచా పడినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, మాస్టర్ సిలిండరు నుంచి చక్రాల దాకా అన్నీ మార్చుకోవాలి. డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయండి. డాట్ 5 సిలికాన్ రకం, వీటితో కలవదు. డాట్ 4 కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మన సముద్రపు తేమలో మూత తీసి వదిలేసిన సీసా పనికిరాదు, సీలున్నదే కొనండి.

పనిముట్లు

జాకీ బండిని ఎత్తడానికే, ఎత్తిన బండిని మోయడానికి కాదు. మోయడానికి ఇనుప స్టాండ్లు రెండు కావాలి. ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ పెట్టి పని చేయడం మన దగ్గర రోజూ కనబడే దృశ్యమే. బరువు ఒక మూల మీద పడ్డప్పుడు దిమ్మె ఏ సూచనా లేకుండా పగులుతుంది. స్టాండ్లు లేకపోతే ఈ పని మొదలుపెట్టొద్దు. ఉద్దానం ఇసక నేలల్లో జాకీ దిగబడిపోతుంది కాబట్టి సిమెంటు చేసిన చోటే చేయండి, జాకీ కింద మందపాటి చెక్క వేయండి.

చాలా చిన్న కార్లకు చక్రం నట్లకు 19 లేదా 21 నంబరు సాకెట్టు, కాలిపర్ పిన్ను బోల్టులకు 12 లేదా 14, కాలిపర్‌ను మోసే బ్రాకెట్ బోల్టులకు 17 సరిపోతాయి. బ్రాకెట్ బోల్టులు చాలా గట్టిగా ఉంటాయి కాబట్టి అర మీటరు పొడవున్న రాడ్డు కావాలి. కాలిపర్‌లో ప్యాడ్‌ను నొక్కే పిస్టన్‌ను వెనక్కి నెట్టడానికి వడ్రంగి వాడే సి క్లాంపు, వెర్నియర్, బిగువు ఎంతో చూపే టార్క్ రెంచి ఉండాలి. టార్క్ రెంచి ఒక రోజుకు ఎరువు తెచ్చుకున్నా ఫరవాలేదు.

బిగువు ఎంతో మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్లో చూడండి. చిన్న కార్లలో సాధారణంగా పిన్ను బోల్టులు 22 నుంచి 35, బ్రాకెట్ బోల్టులు 80 నుంచి 110, చక్రం నట్లు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటాయి. 100 న్యూటన్ మీటర్లంటే అర మీటరు రాడ్డు చివర 20 కిలోల బరువు వేలాడదీసినంత. పాతిక సెంటీమీటర్ల పానా మీద 70 కిలోల మనిషి ఎక్కి నిలబడితే 170 దాటుతుంది. మన రోడ్ల మీద స్టడ్లు తెగేదీ, కొత్త డిస్కులు వంకర కూర్చునేదీ ఈ ఎక్కి తొక్కే అలవాటు వల్లనే.

విప్పడం

పొద్దున్నే, ఎండ ముదరకముందే మొదలుపెట్టండి. గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకు అటూ ఇటూ చెక్కముక్కలు అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయాలి. తర్వాత బండి అంచు కింద గుర్తున్న చోట జాకీ పెట్టి ఎత్తి, స్టాండు ఆనించి, బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఊడదీసిన చక్రాన్ని బండి కింద అడ్డంగా పడుకోబెట్టండి. ఏదైనా జారినా అది ఆపుతుంది.

ఒక వైపు పూర్తిగా అయ్యాకే రెండో వైపు విప్పండి. ఏ క్లిప్పు ఎటుందో సందేహం వస్తే రెండో వైపు చూసుకోవచ్చు.

బ్రేకు ఆయిలు డబ్బా మూత వదులు చేసి మట్టం చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికొచ్చి మట్టం తగ్గుతుంది. మధ్యలో ఎవరైనా నింపి ఉంటే, ఇప్పుడు పిస్టన్లు వెనక్కి నెట్టినప్పుడు పొంగి పొర్లుతుంది. నిండుగా ఉంటే సూది లేని సిరంజితో కొంత తోడేయండి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, తుడిచి ఊరుకుంటే పెయింటు పొర లేచిపోతుంది.

స్టీరింగును పని చేసే వైపుకు తిప్పితే కాలిపర్ వెనక భాగం బయటికొస్తుంది. అక్కడ పైనా కిందా రెండు పిన్ను బోల్టులు. బోల్టుతో పాటు పిన్నూ తిరిగిపోతుంటే దాన్ని సన్నటి ఓపెన్ స్పానరుతో పట్టుకోండి. బోల్టులు తీశాక కాలిపర్‌ను స్క్రూడ్రైవరుతో నెమ్మదిగా కదిపి లాగి, కట్టు తీగతోనో పాత సైకిలు ట్యూబుతోనో స్ప్రింగుకు వేలాడదీయండి. రబ్బరు గొట్టం మీద దాని బరువు పడకూడదు. గొట్టం పైకి బాగానే కనబడుతూ లోపల పొర చీలుతుంది, ఆ తర్వాత ఎప్పుడో ఘాటు మధ్యలో బయటపడుతుంది.

ప్యాడ్లు తీయండి. నల్లగుండను నోటితో ఊదొద్దు, గాలి పైపుతో అసలే వద్దు. మాస్కు వేసుకుని, బ్రేక్ క్లీనరుతో తడిపి గుడ్డతో తుడవండి. తీసిన ప్యాడ్లు నాలుగూ వరసగా పెట్టి చూస్తే బండి చరిత్ర తెలుస్తుంది. నాలుగూ సమానంగా అరిగితే అంతా సవ్యం. లోపలిది బాగా అరిగి బయటిది నిండుగా ఉంటే పిన్నులు పట్టేశాయి, లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. ఒకే ప్యాడ్ ఏటవాలుగా అరిగితే అది బ్రాకెట్‌లో ఇరుక్కుని జరగడం లేదు. కారణం వదిలేసి ప్యాడ్లు మాత్రం మార్చితే కొత్తవీ అలాగే పోతాయి.

ఇక బ్రాకెట్. వెనకవైపు నుంచి రెండు పెద్ద బోల్టులుంటాయి. బండికి ముందు కూర్చుని వెనకనున్న బోల్టును విప్పేటప్పుడు దిశ తారుమారవుతుంది. బోల్టు తల ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని అపసవ్యంగా తిప్పండి. తప్పు దిశలో రాడ్డు వేసి తల చెడగొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. స్ప్రే కొట్టి పావుగంట ఆగితే పని తేలికవుతుంది. ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రం పట్టేసి జారకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి సెన్సార్ తీగ ఆ పక్కనే పోతుంది, రాడ్డు దానికి తగలకుండా చూసుకోండి.

డిస్కు ఊడిరానని మొరాయిస్తే

ఉప్పుగాలి ఊళ్లలో అసలు యుద్ధం ఇక్కడే. ముందుగా డిస్కు ముఖం మీద చిన్న స్క్రూలున్నాయేమో చూడండి. కొన్ని కార్లకు ఒకటో రెండో ఉంటాయి. వాటిని మామూలు స్క్రూడ్రైవరుతో తిప్పితే గాళ్లు చెరిగిపోతాయి, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవరు కావాలి.

స్క్రూలు లేకపోయినా రాకపోతే, హబ్బు మధ్యన డిస్కు కలిసే గీత చుట్టూ, స్టడ్ల మొదళ్లలో తుప్పు స్ప్రే కొట్టి 20 నిమిషాలు ఆగండి. చాలా డిస్కులకు టోపీ మీద మర ఉన్న రంధ్రాలు రెండు ఉంటాయి, సాధారణంగా ఎం8 సైజు. అవి అలంకారానికి కాదు. ఎం8 బోల్టులు రెండు అందులో పెట్టి ఒకదాని తర్వాత ఒకటి పావు చుట్టు చొప్పున బిగిస్తూ పోతే, అవి హబ్బును ఆనుకుని డిస్కును బయటికి నెడతాయి. ఒక్కదాన్నే బిగిస్తే మర పోతుంది. రంధ్రాలు లేకపోతే స్టడ్ల మధ్య టోపీ మీద చెక్క అడ్డం పెట్టి సుత్తితో, డిస్కును తిప్పుకుంటూ కొట్టండి. ఎలాగూ పారేసే డిస్కే గనక దానికేమైనా ఫరవాలేదు. అలాగని పెద్ద సమ్మెటతో బాదితే దెబ్బ వీల్ బేరింగు మీద పడి, రెండు నెలల తర్వాత అది రొద మొదలుపెడుతుంది.

హబ్బు తోముడు

డిస్కు కూర్చునే హబ్బు ముఖం ఈ పని మొత్తానికి గుండెకాయ. పాత డిస్కు తీయగానే అక్కడ స్టడ్ల చుట్టూ తుప్పు పెచ్చు కట్టి ఉంటుంది. అది 0.05 మి.మీ. మందం ఉందనుకోండి, నోటుబుక్కు కాగితంలో సగం. హబ్బు వ్యాసం 14 సెం.మీ., డిస్కు వ్యాసం 24 సెం.మీ. అయితే ఆ కాస్త వంకర డిస్కు అంచుకు వచ్చేసరికి దాదాపు 0.09 మి.మీ. అవుతుంది. చాలా కార్లకు అనుమతించే ఊగు (తిరిగేటప్పుడు డిస్కు అంచు అటూ ఇటూ కదిలేది) 0.05 నుంచి 0.1 మి.మీ. లోపే.

తమాషా ఏమిటంటే, మొదటి రోజు ఏ వణుకూ తెలియదు. బ్రేకు తొక్కకుండా నడిపేటప్పుడు డిస్కులో బయటికి పొడుచుకొచ్చిన చోటు చుట్టుకోసారి ప్యాడ్‌ను రాసుకుంటూ పోతుంది. వేల కిలోమీటర్లకు ఆ చోటు పలచబడి డిస్కు మందంలో తేడా వస్తుంది. 0.02 మి.మీ. తేడా వచ్చినా పెడలు కొట్టుకోవడం, స్టీరింగు వణకడం మొదలవుతాయి. 'డిస్కు వంగిపోయింది' అని షెడ్డులో చెప్పే చాలా కేసుల్లో జరిగేది ఇదే.

కాబట్టి వైర్ బ్రష్షుతో తోమి, 120 నంబరు కాగితంతో స్టడ్ల చుట్టూ, మధ్య అంచు చుట్టూ రుద్ది, తెల్లటి ఇనుము కనబడేదాకా శుభ్రం చేయండి. వేలు రాసి చూస్తే ఎక్కడా ఎత్తు తగలకూడదు. ముఖం మీద గ్రీజు వద్దు. మధ్య అంచుకు మాత్రం, మళ్లీ పట్టేయకుండా, వేలితో రాసి తుడిచేసినంత పల్చగా యాంటీ సీజ్ పూస్తే చాలు.

కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. బ్రేక్ క్లీనరుతో రెండు వైపులా తడిపి తుడవండి. క్లీనరు తక్కువైతే గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్లతో కడిగి వెంటనే పొడిగా తుడిచినా సరే. పెట్రోలు వద్దు, నిప్పు భయం ఒకటి, జిడ్డు మిగల్చడం ఇంకొకటి. కడిగాక ప్యాడ్ తగిలే ముఖాన్ని చేత్తో ముట్టొద్దు.

డిస్కు ఎక్కించి, వాషర్లు వేసిన చక్రం నట్లతో బిగించి తిప్పి చూడండి. డయల్ గేజి దొరికితే అంచుకు 10 మి.మీ. లోపలగా పెట్టి కొలవండి. లేకపోతే గట్టి తీగ ఒకటి స్ట్రట్‌కు (స్ప్రింగున్న నిలువు కడ్డీకి) కట్టి, దాని మొనను డిస్కుకు వెంట్రుకవాసి దూరంలో ఆపి తిప్పండి. పెద్ద ఊగు ఉంటే కంటికే తెలుస్తుంది. ఊగు ఎక్కువుంటే డిస్కు తీసి ఒక స్టడ్డు పక్కకు జరిపి మళ్లీ పెట్టండి. నాలుగు స్టడ్లుంటే నాలుగు అవకాశాలు.

పిన్నులు, బ్రాకెట్

స్లైడ్ పిన్నులు లాగి, పాత గ్రీజు పూర్తిగా తుడిచేయండి. ఒక పిన్ను మామూలుగా, రెండోది చివర రబ్బరు తొడుగుతోనో, పక్కన చదునుగానో ఉండొచ్చు. ఏది పైది, ఏది కిందిది అన్నది గుర్తు పెట్టుకోండి. తుప్పుతో గుంటలు పడిన పిన్ను తోమి వాడొద్దు, మార్చేయండి. పిన్ను మీది రబ్బరు బెల్లో (ముడతల తొడుగు) చిరిగితే అదీ మార్చాలి, ఉప్పునీరు లోపలికి వెళ్లే దారి అదే. సిలికాన్ గ్రీజు పల్చగా రాసి పెట్టండి. రంధ్రం నిండా కూరితే గాలి ఇరుక్కుని పిన్ను వెనక్కి తన్నుతుంది. బేరింగులకు వాడే పసుపు గ్రీజు వాడితే రబ్బరు ఉబ్బి పిన్ను శాశ్వతంగా పట్టేస్తుంది.

బ్రాకెట్‌లో స్టీలు క్లిప్పులు కూర్చునే చోట, క్లిప్పు అడుగున తుప్పు పెరిగి దాన్ని పైకి ఎత్తుతుంది. దాంతో ప్యాడ్ చెవులు (రెండు చివరలా పొడుచుకొచ్చిన కొనలు) బిగుసుకుంటాయి. పాత క్లిప్పులు తీసి, ఆ గాడిని ఆకురాయితో ఇనుము తేలేదాకా రుద్ది, కొత్త క్లిప్పులు వేయండి. ప్యాడ్ వేలితో తోస్తే జరగాలి. సుత్తితో కొట్టి ఎక్కించాల్సి వస్తే ఎక్కడో తుప్పు మిగిలింది, లేదా ప్యాడ్ చెవుల మీద పెయింటు మందంగా ఉంది. రెండూ ఆకురాయి పనే.

పిస్టన్, ప్యాడ్లు, తిరిగి బిగించడం

పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు చిరిగి ఉందా, తడి ఉందా చూడండి. తడి ఉంటే ఇక్కడితో ఆపేయండి. కాలిపర్ విప్పి సీళ్లు మార్చడం వేరే పని. బాగుంటే పాత ప్యాడ్‌ను పిస్టన్ మీద పెట్టి, సి క్లాంపుతో నెమ్మదిగా నెట్టండి. ఒకరు డబ్బా మట్టం చూస్తూ ఉంటే మంచిది. ఎంత నొక్కినా కదలకపోతే కాలిపర్ మీద గాలి తీయడానికి ఉండే బ్లీడర్ నిపిల్‌కు గొట్టం తొడిగి, అర చుట్టు వదిలి నెట్టి చూడండి. అప్పుడు వెళ్తే రబ్బరు గొట్టం లోపల మూసుకుపోయింది, అప్పుడూ వెళ్లకపోతే పిస్టనే పట్టేసింది. నిపిల్ తెరిచారు కాబట్టి ఎయిర్ తీసే పని తప్పదు. తోడుగా ఒకరు పెడలు తొక్కి పట్టాలి, మీరు నిపిల్ వదిలి, పారదర్శక గొట్టంలో బుడగలు పోయాక బిగించాలి, ఆ తర్వాతే పెడలు వదలాలి.

అరుపు రేకున్న ప్యాడ్ సాధారణంగా లోపలి వైపుది. పాతది ఎటుందో చూసి అటే పెట్టండి. గ్రీజు ప్యాడ్ వెనక పలకకూ చెవులకూ మాత్రమే, పిసరంత. ముఖానికి గ్రీజు అంటితే తుడిచి వాడొచ్చనుకోకండి. అది లోపలికి ఇంకి, వేడెక్కినప్పుడు తేలుతుంది. ఆ జత మార్చాల్సిందే.

బ్రాకెట్, ప్యాడ్లు, కాలిపర్ ఆ వరసలో బిగించి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి రబ్బరు గొట్టం మెలిక పడలేదని, దేనికీ రాసుకోవడం లేదని చూడండి. చక్రం లోపలి ముఖం కూడా తోమి ఎక్కించండి. నట్లు చేత్తో పట్టించి, ఎదురెదురుగా బిగించి, బండి దించాక టార్క్ రెంచితో ముగించండి.

రెండు వైపులూ అయ్యాక, ఇంజను స్టార్టు చేయకముందే బ్రేకు పెడలు తొక్కండి. పిస్టన్లు వెనక్కి నెట్టాం కాబట్టి మొదటి తొక్కుడుకు పెడలు నేలకు తాకుతుంది, బ్రేకు ఉండదు. పది పదిహేను సార్లు మెల్లగా తొక్కితే గట్టిపడుతుంది. ఇది మరిచిపోయి బండి తీస్తే కారు ఎదురు గోడకు వెళ్లి ఆగుతుంది. పెడలు గట్టిపడ్డాక డబ్బాలో మట్టం గరిష్ఠ గీత దాటకుండా సరిచూసి మూత బిగించండి.

కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయడం

కొత్త ప్యాడ్లు మొదట్లో పూర్తిగా పట్టవు. ప్యాడ్ పదార్థం పల్చటి పొరలా డిస్కు మీద సమంగా పరుచుకున్నాకే పట్టు వస్తుంది. దీనికి ఖాళీ రోడ్డు కావాలి, వెనకా ముందూ లారీలుండే 16వ నంబరు జాతీయ రహదారి వద్దు. తెల్లవారుజామున ఊరవతల, ఆవులు అడ్డం రాని చోటు చూసుకోండి. ముందు మెల్లగా నడుపుతూ బ్రేకు పడుతోందని నిర్ధారించుకుని, 60 కిలోమీటర్ల వేగం నుంచి 15కు, మధ్యస్థంగా తొక్కి, పూర్తిగా ఆపకుండా తగ్గించండి. అర నిమిషం మామూలుగా నడిపి మళ్లీ అదే. ఎనిమిది పది సార్లు చేశాక, బ్రేకు ముట్టకుండా పది నిమిషాలు నడిపి చల్లారనివ్వండి. వేడి మీద పెడలు తొక్కిపట్టి ఆపితే ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడుతుంది. కాస్త వాసన, కొద్దిపాటి పొగ మొదటిరోజు మామూలే.

తర్వాత 300 కిలోమీటర్ల దాకా గట్టి బ్రేకులు వద్దు. అరకు ప్రయాణం, సాలూరు దాటి సుంకి ఘాటు దిగడం ఆ తర్వాత పెట్టుకోండి. అప్పుడైనా దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజనుతోనే వేగం ఆపాలి, న్యూట్రల్‌లో దిగితే ఎంత కొత్త డిస్కైనా కాలిపోతుంది.

తేడా కనిపిస్తే

పెడలు స్పాంజిలా మెత్తగా ఉంటే లైనులో గాలి ఉంది. ఒక చక్రమే చేయి దగ్గర పెట్టలేనంత వేడెక్కితే ఆ వైపు ప్యాడ్ వదలడం లేదు, పిన్నులూ పిస్టనూ మళ్లీ చూడాలి. సన్నగా రేకు రాసుకునే చప్పుడు ఆగకుండా వస్తే డిస్కు వెనకున్న దుమ్ము రేకు వంగి తగులుతోంది, స్క్రూడ్రైవరుతో కాస్త వంచితే సరి. వానపడ్డ రాత్రి తెల్లారి డిస్కు మీద కనబడే ఎర్రటి పొర తప్పు కాదు, నాలుగు బ్రేకులకు పోతుంది.

పండగకో పబ్బానికో ఊరొచ్చినప్పుడే తీసే కార్లుంటాయి, ఉద్దానంలో మరీను. అలాంటి బండిని వదిలి వెళ్లేముందు డిస్కులూ చక్రాలూ మంచినీళ్లతో కడిగి, ఒక అర కిలోమీటరు నడిపి ఆరబెట్టి, హ్యాండ్ బ్రేకు లాగకుండా గేరులో పెట్టి చక్రాలకు అడ్డం వేసి ఉంచండి. తడి డిస్కుతో నిలబెట్టేస్తే ప్యాడ్లు దానికి అతుక్కుపోతాయి.

100 కిలోమీటర్లకు చక్రం నట్లు మరోసారి టార్క్ రెంచితో చూడండి. పాత డిస్కులు పాత ఇనుము కింద తూకానికి పోతాయి. తోడిన బ్రేకు ఆయిలు కాలువలోనో బావి గట్టునో పోయకుండా, మూతున్న సీసాలో పట్టి సర్వీసు షెడ్డులో వాడేసిన ఆయిలు పీపా దగ్గర ఇచ్చేయండి. కొత్త డిస్కు మందం, ప్యాడ్ మందం, మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్ల రీడింగు సర్వీసు పుస్తకం వెనక రాసిపెట్టి, పది వేల కిలోమీటర్లకోసారి మళ్లీ కొలవండి.